మేడిపండులో కాపురం

పార్వతీపురం నుంచి కురుపాం పోయే దారిలోనైనా, పాలకొండ దాటి సీతంపేట కొండల్లోకి ఎక్కేటప్పుడైనా వంతెన వచ్చినచోటల్లా కిందికి తొంగి చూడాలి. గెడ్డ కోతకు గట్టు సగం జారిపోయి, వేళ్ళు బయటపడి, అయినా పట్టు వదలని పెద్ద మాను అక్కడ తరచుగా కనిపిస్తుంది. దాని ఒంటినిండా, మొదలు నుంచి లావుపాటి కొమ్మల దాకా, గుత్తులు గుత్తులుగా కాయలు. కొమ్మల చివర ఆకుల మధ్య ఎంత వెతికినా కాయ దొరకదు. అది మేడి. అత్తి అన్నా ఇదే. వృక్షశాస్త్రంలో దీని పేరు ఫైకస్ రెసిమోసా.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో వాగుని గెడ్డ అంటాం. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ అని జలాశయాలకు కూడా ఆ పేర్లే నిలిచిపోయాయి. నాగావళి, వంశధార, వాటిలో కలిసే సువర్ణముఖి, వేగావతి, ఝంఝావతి, పక్కన చంపావతి, అన్నీ తూర్పు కనుమల వాలున దిగే నీళ్ళే. వానలకు ఉరికి వస్తాయి, ఎండలు ముదిరితే ఇసకలోకి ఇంకిపోతాయి. పైన ఇసక కాళ్ళు కాలుస్తున్నా అడుగున తడి ఉంటుంది, చెలమ తీస్తే నీళ్ళు ఊరతాయి. మేడి వేరుకు కావలసింది ఆ తడే. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నేల కింద నీటి జాడ కనిపెట్టే విద్యకు ఒక అధ్యాయం కేటాయించాడు. నీటిని పట్టిచ్చే చెట్లలో ఉదుంబరాన్ని, అంటే మన మేడిని, అక్కడ చేర్చాడు. గెడ్డకు దూరంగా మెట్ట మీద మేడి బలంగా ఎదిగి ఉంటే, కింద నీరు మరీ లోతున లేదని ఇవాళ్టి వృక్షశాస్త్రం కూడా ఊహిస్తుంది.

ఈ చెట్టుకు రెండు శాస్త్రీయ నామాలు చలామణీలో ఉన్నాయి. రెసిమోసా అని 1753లో లిన్నేయస్ పెట్టాడు. రెండోది మన తీరంలో పుట్టిన పేరు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచుతూ, ఉత్తర సర్కారుల మొక్కల్ని ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. వాటికి తెలుగువాళ్ళ నోట విన్న పేర్లు రాసుకోవడం ఆయనకు అలవాటు. ఆ బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా లండన్‌లో అచ్చయ్యాయి. దాని రెండో సంపుటంలో, 1798లో, మేడి ఫైకస్ గ్లోమెరేటాగా కనిపిస్తుంది. ఇలాంటి గ్రంథం రావాలని మద్రాసు ప్రభుత్వానికి ముందుగా సూచించినవాడు పాట్రిక్ రస్సెల్. విశాఖపట్నంలో మకాం పెట్టి పాముల మీద పుస్తకం రాసిన రస్సెలే ఈయన. పేరు విషయంలో ముందు పెట్టినవాడిదే హక్కు కాబట్టి రెసిమోసా నిలిచింది. పాత ఆయుర్వేద పుస్తకాల్లో, మూలికల డబ్బాల మీద మాత్రం గ్లోమెరేటా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. రెండూ ఒకటే చెట్టు.

మర్రి, రావి, జువ్వి, మేడి అన్నీ ఒకే ప్రజాతి బిడ్డలు. ఫైకస్ అనే ఈ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద సుమారు 800 జాతులున్నాయి. అన్నిటికీ పాలుంటాయి, అన్నీ పూలను కాయలోపలే దాచుకుంటాయి. స్వభావాలు మాత్రం వేరు. తాటిచెట్టును చుట్టుకుని పెరిగిన మర్రినో రావినో ఉత్తరాంధ్ర పల్లెల్లో చూడనివారుండరు. పిట్ట రెట్టలోంచి గింజ తాటిమట్టల మొదట్లో పడుతుంది, అక్కడే మొలుస్తుంది, వేళ్ళు కిందికి దిగి నేలను అందుకుంటాయి. కొన్నేళ్ళకు తాడి ఎక్కడుందో వెతుక్కోవాలి. మేడికి ఆ దౌర్జన్యం లేదు. సాధారణంగా నేల మీదే మొలుస్తుంది, ఊడలు దింపదు, సొంత మాను మీద నిలబడుతుంది. మంచి చోటు దొరికితే ఇరవై అయిదు, ముప్ఫయి మీటర్ల ఎత్తు పోతుంది. ఏటా కొద్దిరోజులు ఆకు రాల్చుకుని, చూస్తుండగానే మళ్ళీ చిగురిస్తుంది.

రెమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చూద్దాం. ఆకు కోలగా ఉంటుంది, అంచున రంపపు పళ్ళుండవు, మొదట్లో మూడు ఈనెలు స్పష్టంగా తేలి ఉంటాయి. చిగురు కొసన సన్నటి పొర ఒకటి మొగ్గను కప్పి ఉంచుతుంది. ఆకు విచ్చుకోగానే ఆ పొర రాలిపోతుంది, రాలినచోట రెమ్మ చుట్టూ గుండ్రటి గీత మిగులుతుంది. చెట్టు కాయకపోయినా ఫైకస్ ప్రజాతిని గుర్తుపట్టడానికి తుంచితే వచ్చే పాలూ, ఈ గీతా చాలు. మేడి ఆకుల మీద తరచుగా గుండ్రటి పొక్కులు లేచి ఉంటాయి. చెట్టుకు రోగం తగిలిందనుకుంటారు కానీ అది పౌరాప్సిల్లా అనే చిన్న కీటకం పని. దాని పిల్ల ఆకులో దూరి రసం పీలుస్తుంటే, ఆకు తన కణజాలాన్నే దాని చుట్టూ గూడుగా పెంచుతుంది. పురుగులకు ఇల్లు కట్టిపెట్టడం ఈ చెట్టుకు కొత్త కాదని ముందు ముందు తెలుస్తుంది.

ఇక కాయ. తెలుగువాళ్ళకు మేడిపండు అనగానే వేమన పద్యం గుర్తొస్తుంది. పైకి నిగనిగలాడుతూ లోపల పురుగులు దాచిన పండు మనకు కపటానికి మారుపేరైపోయింది. బడిలో ఆ పద్యం అప్పజెప్పినవాళ్ళలో ఎందరు మేడిపండు విప్పి చూశారో నాకు అనుమానమే. వేమన చూపు తప్పు కాదు, లోపల పురుగులున్న మాట నిజం. కానీ ఆ పురుగులు ఎందుకున్నాయి, ఎక్కడి నుంచి వచ్చాయి, అవి లేకపోతే ఏమవుతుంది అన్నది వేరే కథ. పురుగు పక్షాన వాదించడానికి వృక్షశాస్త్రం దగ్గర చాలా సాక్ష్యం ఉంది.

పచ్చికాయ ఒకటి కోసి బ్లేడుతో తొడిమ నుంచి మొన దాకా నిలువుగా చీల్చండి. పాలు కారతాయి, తుడుచుకోవాలి. లోపల బోలు, బోలు చుట్టూ మందపాటి గోడ. ఆ గోడ లోపలి ముఖం మీద, సందు లేకుండా, వేల సంఖ్యలో సన్నటి పూలు. మనం కాయ అనేది నిజానికి కాయ కాదు, మూతి బిగించిన పూలగుత్తి. పొద్దుతిరుగుడు పువ్వును లోపలికి మడిచి సంచిలా ముడి వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవాళ్ళకు హైపన్థోడియం అనే మాట, బ్లాస్టోఫాగా అనే కీటకం పేరు గుర్తుండవచ్చు. ఆ బ్లాస్టోఫాగా మధ్యధరా సముద్ర ప్రాంతపు అంజూరది. మన మేడికి వేరే కీటకం ఉంది, దాని సంగతి కాసేపట్లో. తమిళులు ఎప్పుడో అరుదుగా జరిగేదాన్ని అత్తి పూసినట్టు అంటారు. పాపం, అత్తి ఏటా చాలాసార్లు పూస్తూనే ఉంటుంది, చూసేవాళ్ళే ఉండరు.

చీల్చిన కాయ మొన దగ్గర చూస్తే చిన్న రంధ్రం ఉంటుంది. అది తెరిచిన ద్వారం కాదు. పొలుసులు ఒకదాని మీద ఒకటి పడి, చీమ కూడా దూరలేనంత బిగుతుగా మూసుకుని ఉంటాయి. ఆ రంధ్రానికి దగ్గరగా ఉన్నవి మగపూలు, మిగతా గోడంతా ఆడపూలు. అయితే రెండూ ఒకేసారి పక్వానికి రావు. ముందు ఆడపూలు సిద్ధమవుతాయి. మగపూలు పుప్పొడి విడిచేసరికి కాలాన్ని బట్టి నెల దాటుతుంది. కాబట్టి తన పుప్పొడి తనకే పనికిరాదు. బయటివాళ్ళెవరో మరో చెట్టు నుంచి పుప్పొడి తేవాలి, ఆ పొలుసుల మధ్య నుంచి దూరాలి, చీకట్లో వేల పూలకు దాన్ని అందించాలి. గాలి వల్ల కాదు, తేనెటీగ వల్ల అసలే కాదు.

ఆ పని చేసేది సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్ అనే కందిరీగ. కందిరీగ అంటే చూరుకింద గూడు కట్టి కుట్టేది గుర్తొస్తుంది కానీ, ఇది రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే నల్లటి పురుగు. దోమ అని పొరబడతాం. రెక్కలొచ్చిన ఆడదాని ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆడపూలు సిద్ధం కాగానే మేడికాయ ఒక వాసన విడుస్తుంది. మన ముక్కుకు పెద్దగా తెలియదు, కందిరీగకు తెలుస్తుంది. వచ్చి కాయ మీద వాలి, రంధ్రం వెతుక్కుని, పొలుసుల మధ్య తలదూర్చి తోసుకుంటూ పోతుంది. ఆ ఇరుకులో రెక్కలు తెగిపోతాయి, మీసాల ముక్కలు విరుగుతాయి. వాటి అవశేషాలు రంధ్రం దగ్గర అతుక్కుని ఉండడం భూతద్దంతో చూడవచ్చు. లోపలికి పోయినది ఇక ఎగరలేదు. మేడిలో ఒక కాయలోకి ఒకటి కాదు, చాలా తల్లి కందిరీగలు దూరుతాయి.

లోపల దానికి రెండు పనులు. ఆడపూలలో కొన్నిటికి కీలం పొట్టిగా, కొన్నిటికి పొడుగ్గా ఉంటుంది. కీలంలోంచి గొట్టం దించి, అండాశయంలో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. గొట్టం సులువుగా అందే పూలలో పిల్లలు పెరుగుతాయి, అందని పూలు గింజలవుతాయి. రెండో పని పరాగసంపర్కం. ఇది ఒంటికి అంటుకున్న దుమ్ము పూల మీద రాలినట్టు జరిగేది కాదు. ఈ కందిరీగ రొమ్ము కింద రెండు జేబులుంటాయి. పుట్టిన పండులో మగపూల నుంచి పుప్పొడిని కాళ్ళతో తీసి ఆ జేబుల్లో నింపుకుని వస్తుంది. గుడ్డు పెట్టేచోట కొంచెం కొంచెం తీసి కీలాగ్రాల మీద రాస్తుంది. మేడికి దగ్గరి చుట్టమైన ఆఫ్రికా మేడి, ఫైకస్ సికమోరస్ మీద పనిచేసిన ఇజ్రాయెల్ వృక్షశాస్త్రజ్ఞులు గలీల్, ఐసికోవిచ్‌లు 1969లో ఈ జేబుల సంగతి వివరించేదాకా, కీటకం ఇంత పనిగట్టుకుని పుప్పొడి మోస్తుందని ఎవరూ అనుకోలేదు. గింజ కట్టని పూలున్న కాయ ఎండి రాలిపోతుంది. అంటే పిల్లల తిండికి భరోసా ఈ పుప్పొడే. సొంత లాభం కోసమే మోస్తుంది కానీ చెట్టు పని జరిగిపోతుంది.

తల్లి అక్కడే చనిపోతుంది. గుడ్డు పడిన ప్రతి పువ్వూ చిన్న గదిగా ఉబ్బి పిల్లకు తిండి అవుతుంది. కాయ కూడా పెరుగుతుంటుంది. ఇంత లావు కాయ వేసవి ఎండలో లోపల ఉడికిపోదా? పనామాలో కొలిచి చూస్తే, లావైన అత్తికాయలు పైతొక్క నుంచి నీటిని ఆవిరి చేస్తూ లోపలి వేడిని తగ్గించుకుంటున్నాయని, ఆ ఆవిరిని ఆపితే లోపలి కందిరీగలు చచ్చేంత వేడెక్కుతున్నాయని తేలింది. మేడికాయ చిన్న నిమ్మకాయంత. పైగా మాను నీడలో, తడి అందే వేళ్ళున్న చెట్టుకు కాస్తుంది. గెడ్డ గట్టుకూ ఈ పురుగుల కాపురానికీ ఉన్న సంబంధంలో ఇదొక పాయ కావచ్చని నాకనిపిస్తుంది.

ముందు మగ కందిరీగలు బయటికొస్తాయి. వాటికి రెక్కల్లేవు, చూపు అంతంతమాత్రం. ఆడవి ఇంకా తమ గదుల్లో ఉండగానే గది గోడ కొరికి జతకడతాయి. తర్వాత అన్నీ కలిసి కాయ గోడకు సొరంగం తొలుస్తాయి. ఆ సొరంగం వాటికోసం కాదు, ఆడవాటి కోసం. మగవి పుట్టిన పండులోనే, లేదా సొరంగం చివర బయటపడి నేలమీద, బతుకు ముగిస్తాయి. సరిగ్గా ఆ సమయానికే మగపూలు విచ్చుకుంటాయి. ఆడవి జేబులు నింపుకుని సొరంగంలోంచి ఎగిరిపోతాయి. ఆ తర్వాతే కాయ ఎర్రబడి, మెత్తబడి, తీపెక్కుతుంది. గెడ్డల వెంబడి తిరిగే పిల్లలు మేడిపండు విప్పి, అరచేతిలో తట్టి, ఊది తింటారు. అప్పుడు రాలేవి చాలావరకు వెళ్ళిపోగా మిగిలినవీ, చచ్చిన మగవీ.

అన్నీ మంచి పురుగులే అని చెప్పను. పుప్పొడి మోయకుండా గుడ్లు మాత్రం పెట్టిపోయే కందిరీగలు మేడికి అరడజను దాకా ఉన్నాయి. ఇవి లోపలికి దూరవు, కాయ మీద కూర్చుని బయటి నుంచే గొట్టం దించుతాయి. సైకోఫాగా రకాలు పూలను ఆక్రమిస్తాయి, అపోక్రిప్టా రకాలు లోపలి పిల్లల్ని తినే పిల్లల్ని పెడతాయి. అపోక్రిప్టా గొట్టం దాని ఒంటికన్నా పొడవు, మన వెంట్రుక కన్నా సన్నం. అంత సన్నటిది గట్టి కాయ గోడను ఎలా తొలుస్తుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పరిశీలించారు. గొట్టం కొసన ఉన్న పళ్ళలో జింకు చేరి ఉంది. డ్రిల్లు మొనకు గట్టి లోహం అమర్చే పనిని ఈ పురుగు ఎప్పుడో నేర్చింది. ఆ ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. అదే సంస్థలో రెనీ బోర్జెస్ బృందం ఏళ్ళ తరబడి మేడిచెట్టు మీదే పనిచేస్తోంది. కాయ విడిచే వాసన పగలూ రాత్రీ ఒకేలా ఉండదని, ఎదిగే దశను బట్టి మారుతుందని చెప్పినదీ, కందిరీగ ఒంట్లో చేరి కాయ నుంచి కాయకు ప్రయాణించే సన్నటి నులిపురుగుల లెక్క తీసినదీ వాళ్ళే. ఆ నులిపురుగులు కొద్దిగా ఉంటే కందిరీగకు పెద్దగా నష్టం లేదు, మించితే ఎగరలేదు. ఎగరకపోతే నులిపురుగుకూ దారి లేదు.

చెట్టు తరఫున కాపలా కాసేవి కూడా ఉన్నాయి. ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలు మేడి మీద ఉంటే, కాయ మీద తీరిగ్గా కూర్చుని గొట్టం దించే కందిరీగలే వాటికి ఎక్కువ చిక్కుతాయి. పుప్పొడి తెచ్చేది త్వరగా లోపలికి దూరిపోతుంది.

మన పూర్వులు ఈ పురుగుల్ని గమనించారు. అమరకోశంలో మేడికి జంతుఫలం అనే పేరుంది, పాలను బట్టి హేమదుగ్ధకం అనీ ఉంది. మహాభారతం శాంతిపర్వంలో మశకాన్నీ ఉదుంబరాన్నీ పోలికగా తెస్తారు. కలిసే ఉన్నా రెండూ వేరు అని చెప్పడానికి ఆ పోలిక. అక్కడ నింద లేదు. పురుగును పండుకు పట్టిన తెగులుగా కాక దానితో కాపురమున్న ప్రాణిగా చూసిన చూపు అది. వేమన నాటికి అదే పండు పిరికివాడి బింకం అయింది. కవికి కావలసింది ఉపమానం. నా పక్షపాతం మాత్రం శాంతిపర్వం వైపే.

పురుగు లేని మేడి ఎలా ఉంటుందో చూడాలంటే ఈజిప్టు వెళ్ళాలి. ఆఫ్రికా మేడిని నైలు నది పక్కన వేల ఏళ్ళుగా పెంచుతున్నారు, పండు కోసం, శవపేటికల చెక్క కోసం. చెట్టు వెళ్ళింది కానీ దాని కందిరీగ, సెరటోసోలెన్ అరబికస్, అక్కడికి చేరలేదు. అందువల్ల ఈజిప్టులో ఆ చెట్టుకు గింజ కట్టదు. కొమ్మలు నాటి పెంచాల్సిందే. కాయ కూడా దానంతటది సరిగ్గా పండదు కాబట్టి, ప్రతి కాయకూ కత్తితో గాటు పెట్టి పండించే పద్ధతి పురాతన కాలం నుంచీ ఉంది. పురుగు చేసే పనిలో కొంత మనిషి చేయగలిగాడు, గింజ పని మాత్రం చేతకాలేదు.

అదే అరబికస్ తన సొంత నేల మీద ఎంత దూరం పోగలదో నమీబియాలో తేలింది. నమీబ్ ఎడారి మధ్య ఎండిపోయిన ఉగాబ్ నది వెంబడి మాత్రమే ఆఫ్రికా మేడిచెట్లున్నాయి. ప్రతి చెట్టునూ గుర్తించి, గింజల జన్యువుల్ని పోల్చి తండ్రి చెట్టు ఏదో వెతికారు. పుప్పొడి 160 కిలోమీటర్ల దూరం కూడా ప్రయాణించిందని 2009లో ప్రకటించారు. రెండు మిల్లీమీటర్ల పురుగు, రెండు రోజుల ఆయుష్షు. సొంత రెక్కల బలం కాదు, చెట్ల పైకి లేచి గాలిలో పడి కొట్టుకుపోతుంది. వాసన తగిలితే కిందికి దిగుతుంది. మన నాగావళి మొత్తం పొడవు సుమారు 250 కిలోమీటర్లు. మన కందిరీగకూ అంత సత్తువ ఉంటే, రాయగడ దగ్గర పుట్టిన పురుగు పాలకొండ మేడికి పుప్పొడి తేవడం అసాధ్యం కాదు.

తేవాల్సిన అవసరమూ ఉంది. ఒక మేడిచెట్టు కాయలు చాలావరకు ఒకే ఈడున ఉంటాయి. ఇక్కడ కందిరీగలు ఎగిరే రోజున, వాటిని పిలిచే లేతకాయలు మరెక్కడో మరో చెట్టుకు ఉండాలి, అదీ ఒకటి రెండు రోజుల్లో అందాలి. అందుకే మేడిచెట్లు ఊరంతా ఒక్కసారి కాయవు. ఒకటి పండుతుంటే ఇంకొకటి పిందె వేస్తుంది. మామిడికి ఉన్నట్టు దీనికి కాపు కాలం అంటూ ఒకటి లేకపోవడానికి ఇదే కారణం. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పండు ఉంటుంది కనుక కోయిలలు, పిగిలిపిట్టలు, కంసాలి పిట్టలు, కొండముచ్చులు, మానుపిల్లులు, గబ్బిలాలు మామిడీ నేరేడూ లేని నెలల్లో దీని మీద బతుకుతాయి. మాను మీదే కాయడం గబ్బిలానికి సుఖం, ఆకుల్లో రెక్కలు చిక్కుకోవు. మానుపిల్లికి కొమ్మ కొసల దాకా పోయే పని లేదు. గెడ్డలో రాలినవి చేపలకు. ఇసుక రేణువంత గింజలు వీటి కడుపులో అరగకుండా బయటపడి, తడి ఉన్నచోట మొలుస్తాయి.

ఈ గొలుసు తెగే ప్రమాదం మన తీరానికి కొత్త కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు దాటి ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ నేలమట్టం చేసింది. అంత గాలికి కాయలన్నీ రాలితే రెండు రోజులు బతికే కందిరీగ ఎక్కడికి పోతుంది? 1992లో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాలో అక్కడి అత్తిచెట్ల ఆకూ కాయా ఊడ్చేసింది. గమనించిన శాస్త్రజ్ఞులు కందిరీగలు ఇక లేనట్టే అనుకున్నారు. కానీ కొన్ని నెలల్లోనే అవి తిరిగి వచ్చాయి. దెబ్బ తగలని చోటి నుంచి గాలి తెచ్చి ఉండాలి. బోర్నియోలో కథ మరోలా నడిచింది. 1998 కరువులో కొన్ని అత్తి జాతులు నెలల తరబడి పిందె వేయలేదు, లాంబీర్ అడవిలో వాటి కందిరీగలు స్థానికంగా అంతరించాయి. ఒక్క రోజు గాలికన్నా నెలల ఎండ ఈ పురుగుకు ప్రాణాంతకం. ఉత్తరాంధ్రకు రెండూ వస్తుంటాయి. గెడ్డ గట్టున మేడిచెట్లు దగ్గర దగ్గరగా ఉన్నంతకాలం పురుగు ఒకదాని నుంచి ఒకదానికి చేరుకోగలదు. గట్టు బాగుచేసే పేరుతో కలపకు పనికిరాదని ఈ చెట్లనే ముందు కొట్టేయడం నాకు మింగుడుపడదు.

కలప నిజంగానే మెత్తన, గాలికి త్వరగా పుచ్చుతుంది. విచిత్రంగా నీళ్ళలో మాత్రం నిలుస్తుంది, అందుకే పూర్వం నూతుల అడుగున చట్రాలకు వాడేవారు. శుక్రుడికి సమిధ మేడిది. మర్రి, రావి, జువ్వి, గంగరావిలతో కలిపి దీని బెరడు ఆయుర్వేదంలో పంచవల్కలం అవుతుంది. లేతకాయలు కూర వండుకుంటారు, ఆకు మేకలకు, పశువులకు మేత.

మేడితో పాటు అదే గెడ్డల్లో, బంజర్లలో ఇంకో చెట్టు ఉంటుంది. చిన్నది, ఆకు రెండు పక్కలా ఎదురెదురుగా వస్తుంది, చేత్తో తడిమితే గరుకు. కాయలు మాను నుంచి వేలాడే ఆకుల్లేని తీగల్లాంటి రెమ్మలకు కాస్తాయి, ఒక్కోసారి నేలను తాకుతాయి. పండితే ఎరుపు కాదు, పసుపు. ఇది బొమ్మమేడి, ఫైకస్ హిస్పిడా. దీనికీ సెరటోసోలెన్ ప్రజాతి కందిరీగే ఉంది. తేడా ఎక్కడంటే, మేడిలో ఒకే కాయలో గింజా పురుగూ రెండూ పెరుగుతాయి, బొమ్మమేడిలో చెట్లే వేరు. ఒక చెట్టు కాయల్లో మగపూలూ, పొట్టి కీలాల పూలూ ఉంటాయి. కందిరీగ పిల్లలు పెరిగేది వాటిలోనే. ఇంకో చెట్టు కాయల్లో అన్నీ పొడుగు కీలాల ఆడపూలే. కందిరీగ గొట్టం అండాశయం దాకా అందదు. కానీ రెండు చెట్ల పిలుపూ కందిరీగ ముక్కుకు తేడా తెలియనంత దగ్గరగా ఉంటుంది. ఆడచెట్టు కాయలోకి దూరిన తల్లి రెక్కలు పోగొట్టుకుని, ప్రతి పువ్వులోనూ గుచ్చి చూసి, తెచ్చిన పుప్పొడి అంతా పంచి, ఒక్క పిల్లకు కూడా తావు దొరక్క అక్కడే చనిపోతుంది. చెట్టుకు మాత్రం కాయ నిండా గింజలు. కోసి చూస్తే ఆ పండు లోపల శుభ్రంగా ఉంటుంది, పురుగుల కాపురం ఉండదు. వేమనకు కపటపు పండు కావలసి ఉంటే నేను దీన్ని చూపించేవాణ్ణి.